అమ్మ ఇచ్చిన స్టాంపుల ఆల్బమ్



మొన్నటి పండగకు మీ ఫోన్‌కి ఎన్ని శుభాకాంక్షలు వచ్చాయో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. వంద దాటే ఉంటాయి. వాటిలో ఒక్కటైనా ఇప్పుడు గుర్తుందా? ఇంకో ప్రశ్న. మీ పాపో, బాబో ఎల్‌కేజీలో ఉన్నప్పుడు క్రేయాన్లతో పువ్వు గీసి, అక్షరాలు అటూ ఇటూ తిప్పి రాసి మీ చేతిలో పెట్టిన కార్డు ఉందా? ఉంటే అది ఎక్కడుందో మీరు వెంటనే చెప్పగలరు. బీరువాలో పట్టుచీరల కిందో, సర్టిఫికెట్ల ఫైల్లోనో భద్రంగా ఉంటుంది.

ఈ నెల మన పిల్లలు ఇంట్లో ఒక గ్రీటింగ్ కార్డు తయారు చేయబోతున్నారు. దానికి ప్రేరణ పోస్టల్ స్టాంపు. ఆ పని ఎలా చేయాలో చివర్లో చెప్తాం. దానికంటే ముందు ఒక మనిషి జీవితం చదవండి. ఆయన పేరు మీకు తెలుసు. మీ పిల్లల సోషల్ పుస్తకంలో రెండో ప్రపంచ యుద్ధం పాఠంలో కూడా వస్తుంది. ఆయన అమెరికా ప్రెసిడెంట్ ఫ్రాంక్లిన్ డెలానో రూజ్‌వెల్ట్. పాఠంలో రాని ఆయన జీవితం ఒకటుంది. అందులో ఒక అమ్మ ఉంది, ఒక జబ్బు ఉంది, ఒక స్టాంపుల పెట్టె ఉంది.

ఒక్కగానొక్క కొడుకు

రూజ్‌వెల్ట్ 1882 జనవరి 30న న్యూయార్క్ రాష్ట్రంలో హడ్సన్ నది ఒడ్డున హైడ్ పార్క్ అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి జేమ్స్, తల్లి సారా. ఆ తల్లికి ఆయన ఒక్కడే బిడ్డ. ఇంట్లో డబ్బుకు లోటు లేదు. చిన్నప్పుడు బడికి పంపలేదు, టీచర్లే ఇంటికి వచ్చి చదువు చెప్పారు. లేవడం, తినడం, చదవడం, ఆడటం అన్నీ అమ్మ వేసిన టైమ్‌టేబుల్ ప్రకారమే. ఆ ఇంట్లో పిల్లవాడికి తోటి పిల్లలు తక్కువ, పెద్దవాళ్లు ఎక్కువ.

సారా పుట్టింటివాళ్లు చైనాతో వ్యాపారం చేసినవాళ్లు. ఆమె కూడా చిన్నతనంలో కొంతకాలం హాంకాంగ్‌లో ఉంది. ఆ వయసులోనే ఆమె స్టాంపులు పోగుచేయడం మొదలుపెట్టింది. పెద్దయ్యాక ఆ స్టాంపులను తమ్ముడు ఫ్రెడరిక్‌కు ఇచ్చింది. మేనల్లుడికి స్టాంపుల పిచ్చి పట్టుకోవడం చూసి ఆ మేనమామ వాటిని పిల్లవాడికే ఇచ్చేశాడు. అలా అమ్మ చేతి నుంచి బయల్దేరిన స్టాంపులు మామ ఇంటిమీదుగా తిరిగి కొడుకు చేతికి చేరాయి. అప్పటికి ఆ కొడుకు మన నాలుగో తరగతి, ఐదో తరగతి పిల్లలంత ఉంటాడు.

ఆ రోజుల్లో స్టాంపు అంటే ఒక కిటికీ. టీవీ లేదు, రేడియో లేదు. చిన్న చదరపు కాగితం మీద ఒక రాజు తల, ఒక ఓడ, ఒక ఒంటె, చదవడం రాని లిపిలో దేశం పేరు. ఈ దేశం ఎక్కడుంది, ఆ డబ్బు పేరేమిటి, ఈ రాజు ఎవరు అని పిల్లవాడు అట్లాసు తీసి వెతుకుతాడు. రూజ్‌వెల్ట్‌కు ప్రపంచ భూగోళం అలాగే వంటబట్టింది. పెద్దయ్యాక ఏ మూల ఏ దీవి ఉందో, దానికి పక్కన ఏముందో ఆయన చెప్తుంటే అధికారులు ఆశ్చర్యపోయేవారు. దీనికి ఆయన కోచింగ్ తీసుకోలేదు. ఎవరూ పరీక్ష పెట్టలేదు. ఇష్టంగా చేసిన పని ఇచ్చిన జ్ఞానం అది.

14 ఏళ్లకు గ్రోటన్ బోర్డింగ్ స్కూల్లో చేరాడు. తర్వాత హార్వర్డ్‌లో చదివాడు. ఇక్కడ మీరు ఒక విషయం గమనించాలి. ఆయన క్లాసులో ఫస్టు వచ్చే విద్యార్థి కాదు. మార్కులు మామూలు. ఆ మార్కులు చూసి ఈ కుర్రాడు నాలుగుసార్లు దేశాధ్యక్షుడిగా గెలుస్తాడని ఎవరూ ఊహించి ఉండరు. 1905లో ఎలనార్‌ను పెళ్లి చేసుకున్నాడు. ఐదుగురు పిల్లలు పెరిగారు, ఇంకో బిడ్డ పసిప్రాయంలోనే పోయాడు. 1910లో న్యూయార్క్ రాష్ట్ర సెనేట్‌కు గెలిచాడు. 1913 నుంచి 1920 దాకా నౌకాదళ సహాయ కార్యదర్శిగా పనిచేశాడు. 1920లో వైస్ ప్రెసిడెంట్ పదవికి పోటీ చేసి ఓడిపోయాడు. అయినా అందరి కళ్లూ ఆయన మీదే ఉన్నాయి. పొడగరి, అందగాడు, మాటకారి. ఈత, పడవ నడపడం, గోల్ఫ్ అన్నీ వచ్చు. వయసు ఇంకా నలభై నిండలేదు.

1921 ఆగస్టు

ఆ ఏడాది ఆగస్టులో కుటుంబమంతా కెనడాలో కాంపొబెల్లో దీవిలో ఉన్న తమ వేసవి ఇంటికి వెళ్లింది. ఆగస్టు 10న పిల్లలతో కలిసి పడవలో తిరిగాడు. దారిలో ఒక చిన్న దీవిలో అడవికి నిప్పంటుకుంటే అందరూ దిగి ఆర్పారు. తర్వాత ఈత కొట్టాడు. ఇంటికొచ్చి తడిబట్టలతోనే కూర్చుని ఉత్తరాలు చూసుకున్నాడు. ఒళ్లు వణికినట్టుంటే భోజనం కూడా చేయకుండా పడుకున్నాడు. మర్నాడు ఒక కాలు పట్టు తప్పింది. ఆ తర్వాత రెండో కాలు. రెండు మూడు రోజుల్లో నడుం కింది భాగం కదల్లేదు. మొదట చూసిన డాక్టర్లు జబ్బును సరిగా పట్టుకోలేకపోయారు. రెండు వారాల తర్వాత తేలింది అది పోలియో అని. అప్పటికి ఆయన వయసు 39.

మన తరంలో చాలామందికి పోలియో అంటే రెండు చుక్కల మందు. మీ పిల్లలకు మీరే వేయించారు. ఆ రోజుల్లో ఆ చుక్కలు లేవు. వేసవి వచ్చిందంటే అమెరికాలో తల్లిదండ్రులు పిల్లలను ఈతకొలనులకు, సినిమాహాళ్లకు పంపడానికి భయపడేవారు. ఎవరికి వస్తుందో, ఎందుకు వస్తుందో తెలియదు. వస్తే మందు లేదు.

మంచం మీద ఉన్న ఆ నెలల్లో ఆయనకు తోడుగా నిలిచినవాటిలో స్టాంపుల ఆల్బమ్ ఒకటి. కాళ్లు కదలవు. చేతులు కదులుతాయి. ఒక భూతద్దం, చిన్న పట్టకారు, ఒక ఆల్బమ్, కవర్ల నిండా స్టాంపులు. మంచం మీద పలక లాంటిది పెట్టుకుని గంటల తరబడి వాటిని వేరు చేసేవాడు, దేశాలవారీగా సర్దేవాడు. పదేళ్ల వయసులో పట్టుకున్న పని ముప్పై తొమ్మిదేళ్ల వయసులో ఆయనను పట్టుకుంది.

పిల్లల హాబీ గురించి మనలో చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. దీనివల్ల ఉపయోగం ఏమిటి? మార్కులొస్తాయా, సీటొస్తుందా? అడగడంలో తప్పులేదు, ఫీజు కట్టేది మనమే, భవిష్యత్తు గురించి బెంగ మనదే. కానీ రూజ్‌వెల్ట్ జీవితం చూస్తే దీనికి ఒక జవాబు దొరుకుతుంది. మనిషికి అన్నీ బాగున్న రోజున హాబీ ఉత్త కాలక్షేపంలాగే కనిపిస్తుంది. అన్నీ చేజారిన రోజున, ఎవరి సాయమూ లేకుండా తన చేతులతో తాను చేసుకోగలిగిన పని ఒకటి మిగలడం ఎంత పెద్ద ఆస్తో ఆ రోజే తెలుస్తుంది.

అమ్మ ఒక మాట, భార్య ఒక మాట

జబ్బు తర్వాత ఆ ఇంట్లో పెద్ద తర్జనభర్జన నడిచింది. తల్లి సారా అభిప్రాయం ఒకటే. కొడుకు రాజకీయాలు మానేయాలి, హైడ్ పార్క్ ఇంటికి వచ్చేయాలి, ఆస్తి ఉంది, పుస్తకాలు ఉన్నాయి, స్టాంపులు ఉన్నాయి, హాయిగా కూర్చుని జీవితం గడపాలి. తన బిడ్డ ఇంకా కష్టపడటం ఆమె చూడలేకపోయింది. భార్య ఎలనార్, సన్నిహితుడు లూయీ హౌ దానికి ఒప్పుకోలేదు. హౌ ఒకప్పటి పత్రికా విలేకరి, రూజ్‌వెల్ట్‌ను నమ్ముకుని వెంట ఉన్న మనిషి. ఇంట్లో కూర్చోబెడితే ఆయన మనసు కూడా కుంటుపడుతుందని వాళ్లిద్దరి భయం. తిరిగి జనంలోకి వెళ్లాలని పట్టుబట్టారు.

ఈ గొడవలో తల్లిని తప్పుపట్టడం తేలిక. కానీ మీరూ ఒక తల్లో, తండ్రో. దెబ్బతగిలిన బిడ్డను ఇంకోసారి ఆటకు పంపడానికి మీకూ మనసొప్పదు. సారా ప్రేమలో లోపం లేదు. ఆమె ఇచ్చిన స్టాంపులే కొడుకును మంచం మీద నిలబెట్టాయి. అయితే ఆ స్టాంపులతోనే జీవితమంతా సరిపెట్టుకోమనడం దగ్గర మాత్రం కొడుకు తల్లి మాట వినలేదు.

ఆ తర్వాత ఏళ్ల తరబడి కసరత్తు. కాళ్లకు ఇనుప పట్టీలు వేసుకుని, చంకల్లో కర్రలు పెట్టుకుని, ఇంటి ముందున్న దారిలో కొన్ని అడుగులు వేయడానికి చెమటలు కక్కేవాడు. 1924లో జార్జియా రాష్ట్రంలోని వార్మ్ స్ప్రింగ్స్ అనే చోట గోరువెచ్చని ఊటనీళ్లలో ఈతకొడితే కాళ్లకు కాస్త మేలు చేస్తుందని విని అక్కడికి వెళ్లాడు. 1926లో ఆ స్థలాన్నే కొని, తనలాంటి పోలియో రోగుల చికిత్స కేంద్రంగా మార్చాడు. అక్కడికి వచ్చే పిల్లలతో కలిసి నీళ్లలో ఆడేవాడు. ఆయన కాళ్లు తిరిగి రాలేదు. చివరిదాకా ఎవరి సాయమూ లేకుండా నడవలేకపోయాడు.

1924 జూన్‌లో న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో పార్టీ మహాసభ జరిగింది. వేల మంది చూస్తున్నారు. పదహారేళ్ల పెద్ద కొడుకు జేమ్స్ చేయి పట్టుకుని వేదిక దగ్గరికి వచ్చాడు. అక్కణ్నుంచి చివరి కొన్ని అడుగులు కొడుకును వదిలి, కర్రల మీద తానొక్కడే వేశాడు. పడిపోతే ఆ రోజుతో రాజకీయ జీవితం అయిపోయేది. పడలేదు. ప్రసంగం చేశాడు. పక్కన నిలబడ్డ ఆ కొడుకు ఆ కొన్ని అడుగుల్లో నేర్చుకున్నది ఏ స్కూల్లోనూ నేర్పలేం.

1928లో న్యూయార్క్ గవర్నరయ్యాడు. 1932లో ప్రెసిడెంట్‌గా గెలిచి 1933 మార్చి 4న పదవి చేపట్టాడు.

ప్రెసిడెంటు గీసిన స్టాంపులు

ఆయన పదవిలోకి వచ్చేసరికి అమెరికా పరిస్థితి మీకు తెలిసే ఉంటుంది. బ్యాంకులు మూతపడ్డాయి. పనిచేసే ప్రతి నలుగురిలో ఒకరికి ఉద్యోగం లేదు. అలాంటి రోజుల్లో కూడా ఆయన రాత్రి పడుకునే ముందు కాసేపు స్టాంపుల ముందు కూర్చునేవాడు. ఊళ్లు తిరిగేటప్పుడు స్టాంపుల సామాను ఉన్న చెక్కపెట్టె కూడా వెంట వెళ్లేది. విదేశాంగ శాఖకు ప్రపంచం నలుమూలల నుంచి వచ్చే కవర్ల మీది స్టాంపులు వారానికొకసారి ఆయనకు చేరేవి.

ఇంతవరకు పోగుచేసిన మనిషి ఇప్పుడు తయారుచేయడం మొదలుపెట్టాడు. కొత్త స్టాంపు డిజైన్లు తనకు చూపించాలని పోస్టల్ శాఖకు చెప్పాడు. ఆయన హయాంలో వచ్చిన రెండు వందలకు పైగా స్టాంపులు ఆయన చూసి సరేనన్నవే. కొన్నింటికి స్వయంగా పెన్సిల్‌తో కాగితం మీద బొమ్మ గీసి ఇచ్చాడు. 1933లో అడ్మిరల్ బర్డ్ అంటార్కిటికా యాత్రకు వేసిన స్టాంపు ఆయన గీతను బట్టి వచ్చిందే. 1938లో విమాన తపాలాకు వచ్చిన ఆరు సెంట్ల గద్ద స్టాంపు కూడా అంతే. ఆయన గీతలు గొప్ప చిత్రకారుడివి కావు, మన పిల్లలు నోటుబుక్కు వెనక గీసే గీతల్లాగే ఉంటాయి. తుదిమెరుగులు దిద్దడానికి ముద్రణాలయంలో నిపుణులు ఉన్నారు. ఆలోచన ఆయనది.

1934లో మదర్స్ డే సందర్భంగా మూడు సెంట్ల స్టాంపు ఒకటి వచ్చింది. దానికీ ఆయనే మొదటి బొమ్మ గీసిచ్చాడు. విస్లర్ అనే చిత్రకారుడు కుర్చీలో కూర్చున్న తన తల్లిని చూస్తూ వేసిన ప్రసిద్ధ చిత్రం ఆ స్టాంపుకు ఆధారం. అసలు చిత్రంలో లేని పూలకుండీని స్టాంపు మీద మూలన చేర్చారు. దానికి కళాకారులు కోప్పడ్డారు, మహా చిత్రకారుడి బొమ్మను కత్తిరించి పూలు పెట్టడమేమిటన్నారు. వాళ్ల మాట న్యాయమే. అయినా ఒకసారి ఆలోచించండి. అమ్మ బొమ్మ, పక్కన పూలు, అమ్మలందరికీ గౌరవంగా ఒక మాట. ఇది ఏ పిల్లవాడైనా అమ్మ కోసం చేసే గ్రీటింగ్ కార్డే కదా! అది స్టాంపు సైజులో ఉండటం, దేశంలో ప్రతి పోస్టాఫీసుకూ వెళ్లడం ఒక్కటే తేడా. ఆ స్టాంపు విడుదలైన మే 2 నాటికి, చిన్నప్పుడు స్టాంపులు పోగుచేసిన సారాకు 79 ఏళ్లు. ఆమె ఇంకా ఉంది. 1941లో కన్నుమూసేలోపు కొడుకు మూడుసార్లు దేశాధ్యక్షుడిగా గెలవడం చూసింది.

తప్పు జరిగినప్పుడు

పిల్లలకు మహానుభావుల గురించి చెప్పేటప్పుడు మంచి ఒక్కటే చెప్పి ఊరుకుంటే వాళ్లకు అది కథలా ఉంటుంది, మనిషిలా ఉండదు. అందుకే ఇది కూడా చెప్పండి.

కొత్త స్టాంపులు అచ్చయినప్పుడు అంచులకు చిల్లులు వేయకముందే కొన్ని షీట్లను పోస్ట్‌మాస్టర్ జనరల్ జేమ్స్ ఫార్లే కొని, ప్రెసిడెంటుకు, మరికొందరు మిత్రులకు కానుకలుగా ఇచ్చేవాడు. వాటికి మామూలు ధరే చెల్లించాడు. కానీ అలాంటి షీట్లు మామూలు జనానికి దొరకవు కాబట్టి వాటి విలువ వేల డాలర్లకు పెరిగింది. ఒక షీటు అమ్మకానికి రావడంతో దేశంలోని స్టాంపు సేకర్తలు భగ్గుమన్నారు. పెద్దవాళ్ల మిత్రులకు ఒక న్యాయం, మాకు ఒక న్యాయమా అని నిలదీశారు. చివరికి 1935 మార్చిలో ప్రభుత్వం అదే రకం చిల్లులు లేని షీట్లను మళ్లీ అచ్చువేసి, కోరిన ప్రతివారికీ మామూలు ధరకే అమ్మింది. ఆల్బమ్‌లో ఒక స్టాంపు అపురూపంగా ఉండాలంటే అది ఇంకెవరికీ దొరకకూడదా? మీ పిల్లలతో మాట్లాడటానికి ఇది మంచి ప్రశ్న.

ఇంతకంటే చాలా పెద్ద తప్పు 1942లో జరిగింది. జపాన్‌తో యుద్ధం వచ్చాక, రూజ్‌వెల్ట్ సంతకం చేసిన ఉత్తర్వుతో జపాన్ మూలాలున్న లక్షా ఇరవై వేల మందిని ఇళ్లు ఖాళీ చేయించి శిబిరాల్లో పెట్టారు. వాళ్లలో ఎక్కువమంది అమెరికా పౌరులే, చిన్నపిల్లలు కూడా ఉన్నారు. తర్వాత దశాబ్దాలకు అమెరికా ప్రభుత్వం దానికి క్షమాపణ చెప్పింది. ఆల్బమ్‌లో జపాన్ పేజీ ఉన్నంత మాత్రాన జపాన్ మూలాలున్న పొరుగువాడి కష్టం అర్థం కాదు. ఇది కూడా ఆయన జీవితం చెప్పే పాఠమే.

జెండాల స్టాంపులు

ఆ యుద్ధకాలంలోనే ఆయన ఆలోచనతో ఒక మంచి పని కూడా జరిగింది. శత్రుసేనలు ఆక్రమించిన దేశాల కోసం 1943 జూన్ నుంచి 1944 నవంబర్ దాకా వరుసగా స్టాంపులు తెచ్చారు. ఒక్కోదాని మీద ఒక్కో దేశం జెండా, అసలు రంగుల్లో. ఒక పక్కన మంటల్లోంచి లేచే ఫీనిక్స్ పక్షి, ఇంకో పక్కన సంకెళ్లు తెంచుకునే స్త్రీ. పోలండ్‌తో మొదలై కొరియాతో ముగిసిన ఆ వరుసలో మొత్తం 13 దేశాలు. అన్ని రంగులు అచ్చువేయడం ప్రభుత్వ ముద్రణాలయానికి కుదరక ఒక ప్రైవేటు ముద్రణ సంస్థ చేత చేయించారు.

సొంత దేశంలో తమ జెండా ఎగరేసే స్వేచ్ఛ లేని రోజుల్లో, పరాయి దేశంలో తలదాచుకున్న మనిషికి ఉత్తరం మీద తన జెండా కనిపిస్తే ఎలా ఉంటుందో ఊహించండి. ఐదు సెంట్ల కాగితం ముక్క చెప్పేది ఒక్కటే, మిమ్మల్ని మర్చిపోలేదు అని. మనం పండగకు, పుట్టినరోజుకు పంపే కార్డు చెప్పేది కూడా చివరికి అదే.

పిల్లల కవర్లు

ఇప్పుడు ఈ జీవితంలో మీరు మీ పిల్లలకు తప్పకుండా చెప్పాల్సిన భాగం.

1938లో రూజ్‌వెల్ట్ పోలియో మీద పోరాటానికి ఒక జాతీయ సంస్థను నెలకొల్పాడు. డబ్బు కావాలి. ఎడ్డీ కాంటర్ అనే హాస్యనటుడు రేడియోలో ఒక పిలుపునిచ్చాడు. పెద్ద చందాలు వద్దు, ఒక్కొక్కరు ఒక్క డైము, అంటే పది సెంట్ల నాణెం, నేరుగా వైట్ హౌస్‌కు ప్రెసిడెంటు పేరున పోస్టులో పంపమన్నాడు. జనవరి 30 ఆయన పుట్టినరోజు. దానికి ముందు మొదట కొన్ని కవర్లు వచ్చాయి. తర్వాత సంచులకు సంచులు వచ్చి పడ్డాయి. పిల్లలు స్కూలు నోటుబుక్కు కాగితం చింపి నాలుగు మాటలు రాసి, అందులో నాణెం చుట్టి పంపారు. ప్రభుత్వానికి వచ్చే ముఖ్యమైన ఉత్తరాలు ఈ కవర్ల కుప్పలో దొరక్క సిబ్బంది అవస్థపడ్డారు. లెక్క తేలేసరికి వచ్చిన డైములు 26 లక్షల 80 వేలు. అంటే 2 లక్షల 68 వేల డాలర్లు.

ఆ తర్వాత ఏటా ఆ డైముల సేకరణ కొనసాగింది. ఆ డబ్బుతోనే పరిశోధనలు సాగాయి. జోనాస్ సాక్ అనే శాస్త్రవేత్త పోలియో టీకా తయారుచేశాడు. 1954లో లక్షలాది స్కూలు పిల్లల మీద దాన్ని పరీక్షించారు. టీకా పనిచేస్తోందని 1955 ఏప్రిల్ 12న ప్రకటించారు. ఆ రోజుకు రూజ్‌వెల్ట్ పోయి సరిగ్గా పదేళ్లు. తర్వాత సేబిన్ తయారుచేసిన చుక్కల మందు వచ్చింది. ఆ చుక్కలే మన ఊళ్లలో, మన పీహెచ్‌సీల్లో, బస్టాండుల్లో మన పిల్లల నోట్లో పడ్డాయి. 2014 మార్చిలో భారత్‌తో సహా ఆగ్నేయాసియా ప్రాంతాన్ని పోలియో లేనిదిగా ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది.

ఒక పిల్లవాడు ఒక కవరు మీద అడ్రసు రాసి, స్టాంపు అంటించి, పోస్టుడబ్బాలో వేశాడు. ఆ పని ఎంత దూరం వచ్చిందో చూడండి.

చివరి స్టాంపు

1945 ఏప్రిల్ 12న వార్మ్ స్ప్రింగ్స్‌లోని తన చిన్న ఇంట్లో, ఒక చిత్రకారిణి తన చిత్రం వేస్తుండగా, రూజ్‌వెల్ట్ మెదడులో రక్తస్రావంతో కుప్పకూలి చనిపోయాడు. 63 ఏళ్లు. ఐక్యరాజ్యసమితి ఏర్పాటు కోసం అదే నెల 25న శాన్‌ఫ్రాన్సిస్కోలో సమావేశం జరగాల్సి ఉంది. దానికోసం ఒక స్టాంపు సిద్ధమవుతోంది. అది అనుకున్న రోజునే విడుదలైంది. దాని మీద ఆయన పేరు కూడా అచ్చయింది. చూడటానికి ఆయన లేడు.

1946లో ఆయన స్టాంపులను వేలం వేశారు. రెండు లక్షల డాలర్లకు పైగా పలికాయి. వాటిలో ఎక్కువ భాగం మామూలు స్టాంపులే, ఎవరికైనా చవకగా దొరికేవే. అపురూపమైనవి కొనాలనే వేట ఆయనకు లేదు. ఆ స్టాంపులకు వచ్చిన విలువ వాటిని తిప్పిన చేతులది.

ఆ తర్వాత చాలా దేశాలు ఆయన బొమ్మతో స్టాంపులు తెచ్చాయి. 1947లో మొనాకో తెచ్చిన ఒక స్టాంపు మీద ఆయన తన ఆల్బమ్ ముందు కూర్చుని ఉంటాడు. ఆ బొమ్మలో ఎడమచేతికి పొరపాటున ఆరు వేళ్లు పడ్డాయి. ఈ సంగతి మీ పిల్లలకు చెప్పి చూడండి, అరగంటసేపు భూతద్దం కిందపెట్టరు.

ఇక మీ ఇంట్లో

ఈ నెల కార్డు పని ఇలా చేయించండి. చేయించండి అంటే పక్కన కూర్చోండి అని అర్థం. కత్తెర పిల్లల చేతిలోనే ఉండాలి.

మొదట స్టాంపులు వెతకండి. తాతయ్య, అమ్మమ్మ, నానమ్మల దగ్గర పాత ఉత్తరాలు ఉంటాయి. వాళ్లను అడిగి, ఏవి కత్తిరించవచ్చో, ఏవి కూడదో తెలుసుకోండి. ఒక్కోసారి స్టాంపుకంటే ఆ ఉత్తరం చదువుతూ కూర్చోవడమే ఎక్కువసేపు పడుతుంది. పడనివ్వండి.

స్టాంపు చుట్టూ కవరు కాగితం కొంచెం ఉండేలా కత్తిరించి, గోరువెచ్చని నీళ్లలో ఒక పావుగంట వేయండి. జిగురు నాని స్టాంపు దానంతటదే విడిపోతుంది. గోళ్లతో లాగవద్దు. పాత గుడ్డ మీదో, తెల్లకాగితం మీదో బోర్లా ఆరబెట్టి, ఆరాక లావు పుస్తకంలో ఒక రాత్రి ఉంచితే చదునుగా అవుతుంది. చాలా పాతవి, తేదీ ముద్ర చక్కగా పడినవి కార్డుకు వాడకండి. వాటితో ఆల్బమ్ మొదలుపెట్టండి.

తర్వాత కార్డు. మందపాటి కాగితాన్ని రెండుగా మడవండి. స్టాంపు మీది బొమ్మను ముందు మధ్యలోనో, మూలనో పెట్టి, దాన్ని బయటికి పెంచుతూ పిల్లలను గీయమనండి. పక్షి స్టాంపు ఉంటే దాని చుట్టూ చెట్టు, రైలు స్టాంపు ఉంటే పట్టాలు, స్టేషను. స్టాంపులు దొరక్కపోతే రూజ్‌వెల్ట్ చేసిన పనే చేయమనండి. ఎవరికి ఇస్తున్నారో వాళ్ల కోసం సొంతంగా ఒక స్టాంపు గీయడం. అమ్మమ్మ దేశానికి రాణి అయితే ఆ దేశం స్టాంపు ఎలా ఉంటుంది? దాని మీద ధర ఎంత? అంచు చిల్లులకు ఒక చిట్కా ఉంది. కుట్టుమిషన్‌లో దారం లేకుండా కాగితం మీద సూది నడిపిస్తే చిల్లుల వరుస పడుతుంది, మెల్లగా చింపితే అచ్చం స్టాంపు అంచే. మిషన్ పని మాత్రం మీరే చేయండి.

లోపల రాసే మాటలు పిల్లలవే కావాలి. తెలుగులోనా, ఇంగ్లిషులోనా అన్నది చదివేవాళ్లను బట్టి వాళ్లే నిర్ణయించుకుంటారు. తప్పులుంటే ఉండనివ్వండి. కార్డును చేతికి ఇవ్వకండి, కవరులో పెట్టి పోస్టులో వేయించండి. పిన్‌కోడుతో సహా అడ్రసు రాయడం మన పిల్లల్లో చాలామందికి ఇదే మొదటిసారి కావచ్చు.

పిల్లలకు ఆసక్తి నిలబడితే హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు ఆబిడ్స్ జీపీవోలోని ఫిలాటెలీ బ్యూరోకు ఒకసారి తీసుకెళ్లండి. అల్లూరి సీతారామరాజు, గురజాడ, దుర్గాబాయి దేశ్‌ముఖ్, పింగళి వెంకయ్య వంటి మనవాళ్ల మీద కూడా స్టాంపులు వచ్చాయని చెప్తే వెతకడానికి వాళ్లకు ఒక పని దొరుకుతుంది. ఆరు నుంచి తొమ్మిదో తరగతి దాకా చదివే పిల్లల్లో స్టాంపుల సేకరణను హాబీగా కొనసాగించేవారికి పోస్టల్ శాఖ దీన్ దయాళ్ స్పర్శ్ పథకం కింద ఏడాదికి 6,000 రూపాయల స్కాలర్‌షిప్ కూడా తెచ్చింది. అర్హతల వివరాలు పోస్టాఫీసులో అడిగి తెలుసుకోవచ్చు.

కానీ స్కాలర్‌షిప్ కోసమే అయితే మొదలుపెట్టకండి. సారా తన చిన్నప్పుడు స్టాంపులు దాచింది ఏ ఉపయోగం కోసమూ కాదు. ఇష్టపడి దాచింది, ఇష్టపడి ఇచ్చింది. దాని ఉపయోగం ఏమిటో ఎన్నో ఏళ్ల తర్వాత, ఒక మంచం మీద, కాళ్లు కదలని కొడుకుకు తెలిసింది. మీ బిడ్డ చేతికి మీరు ఈ రోజు ఇచ్చే చిన్న ఇష్టం ఏ రోజున అక్కరకు వస్తుందో మనకు తెలియదు. ఇచ్చి ఉంచడం మన పని.

ఈ ఆదివారం ఒక గంట తీరిక చేసుకోండి. ఫోన్లు పక్క గదిలో పెట్టండి. కార్డు ఎవరికి పంపాలో మాత్రం మీ పిల్లలనే నిర్ణయించుకోనివ్వండి.